చీటీ లేని మాత్ర



సారాయిని గూర్చి మన గుడులలో ఎన్నో ప్రసంగములు వింటిమి. నిద్రమాత్రను గూర్చి ఒక్కటియైనను వింటిమా? డాక్టరు వ్రాసినది గదా, దానిలో కీడేమి యని ఊరకుంటిమి. మన మౌనము ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నది.

2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్లు త్రాగినవారు పలువురు చనిపోయిరి. పరీక్షింపగా ఆ కల్లులో ఆల్ప్రజోలము కనబడెను. అది ఆందోళనతో బాధపడు రోగులకు వైద్యులు వ్రాసియిచ్చు మందే.

అది తెలంగాణ సంగతి, చిత్తూరు జిల్లాలోని మనకేమి యందురా? పాత చీటీ చూపి మాత్రలు కొనితెచ్చువారు మన ఊళ్లలో లేరా? "నాకు పనిచేసినది, నీవును వేసికో" యని పొరుగింటికి పంచువారు లేరా?

ఈ మాత్ర మెదడును మందగింపజేయును. మద్యమును అట్లే చేయును. నొప్పికిచ్చు ట్రమడాలును ఆ త్రోవదే. ఇవి కలిసినప్పుడు ఊపిరి తీయుమని మెదడు పంపు ఆజ్ఞ సన్నగిల్లును. గురకపెట్టి నిద్రించుచున్నాడని ఇంటివారు తలుపు దగ్గరగా వేయుదురు. తెల్లవారుసరికి శ్వాస యుండదు.

చట్టము లేకపోలేదు. 2014 మార్చి నుండి ఇట్టి మందులమ్మిన అంగడివాడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు లెక్క ప్రత్యేక పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. చీటీ అడుగనివాడు దోషియే. అడిగినవానిపై కోపపడు మనమో?

మరియొక మాట కటువుగా చెప్పవలసియున్నది. మాత్రకు అలవాటుపడినవానిని పాపి యని వెలివేయుదుము. లేదా "నేటితో మానుము" అని గుడిలో ఒట్టు పెట్టింతుము. రెండును ప్రమాదమే. వెలివేయబడినవాడు చాటుగా మ్రింగును. దీర్ఘకాలము వాడి హఠాత్తుగా మానినవానికి మూర్ఛలు రావచ్చును, ప్రాణమే పోవచ్చును. వైద్యుని చేతిక్రింద కొంచెము కొంచెముగా తగ్గింపవలెను. తిరుపతి రుయా వంటి పెద్దాసుపత్రికి తోడుగా పోవువారెవరు? 14446 నెంబరుకు ఫోను చేసి సలహా అడుగువారెవరు?

ఎవరైనను పిలిచినను లేవక, శ్వాస మెల్లగా తీయుచుండినయెడల నిద్రయని విడువకుడి. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి వెంటనే 108కి ఫోను చేయుడి. ఏ మాత్రలు వేసికొనెనో ఆ అట్టను ఆసుపత్రికి తీసికొనిపొండు.

యెరికో త్రోవలో పడియున్నవానిని చూచి ప్రక్కగా పోయినవారిని మనము నిందింతుము. మన వీధిలో పడియున్నవాని యెదుట మనమేమి చేయుచున్నాము? ఈ సాయంకాలమే మీ మందుల పెట్టె తెరచి, మిగిలిన నిద్రమాత్రలు ఎవరి చేతికందుచున్నవో చూడుడి.