ఫోన్ లోగో వెనక నడిచే కోడ్‌ని ఎవరు రివ్యూ చేస్తారు?

పవర్ బటన్ నొక్కుతాం. లోగో వస్తుంది. కాసేపటికి లాక్ స్క్రీన్. మన రివ్యూలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి: ర్యామ్ ఎంత, బ్లోట్‌వేర్ ఉందా, ఓఎస్ అప్‌డేట్లు ఎన్నేళ్లు. కానీ లోగో మొదట కనిపించే ఆ క్షణాల్లో ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఇంకా మొదలవలేదు, ఐఓఎస్ కూడా అంతే. అయినా ఏదో ప్రోగ్రామ్ నడుస్తోంది కదా! ఓఎస్ లేకుండా అది దేని మీద ఆధారపడి నడుస్తోంది? ఈ ప్రశ్న మనం అడగకపోవడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

బీటెక్‌లో మనందరి మొదటి ప్రోగ్రామ్ గుర్తుందా? ప్రింట్‌ఎఫ్ రాశాం, స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి. మాలాక్ అడిగితే మెమరీ వచ్చింది. ఫైల్ పేరు చెబితే ఫైల్ తెరుచుకుంది. అవన్నీ సీ భాషలో భాగమే అనుకున్నాం. నిజానికి వెనక నుంచి పని చేసిపెట్టింది ఓఎస్. ఆ ఓఎస్‌ని తీసేస్తే ప్రింట్‌ఎఫ్‌కి అక్షరాన్ని ఎక్కడికి పంపాలో తెలియదు. మాలాక్‌కి మెమరీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు.

బూట్‌లోడర్ పరిస్థితి సరిగ్గా ఇదే. కెర్నల్‌ని డిస్క్ నుంచి చదవాలంటే ఫైల్‌సిస్టమ్ అర్థం కావాలి. మామూలుగా ఆ పని చేసే కోడ్ ఉండేదేమో ఇంకా లోడ్ కాని కెర్నల్‌లో! తాళం చెవి ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకున్నట్టు.

"అక్షరం నువ్వు చూపించు, మిగతాది నేను చూస్తా"

దీనికి నాకు బాగా నచ్చిన సమాధానం ఫ్రీబీఎస్‌డీలోని లిబ్‌స్టాండ్. ఓఎస్ లేకుండా ఒంటరిగా నడిచే ప్రోగ్రామ్‌ల కోసం చేసిన లైబ్రరీ ఇది. 1998లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 3.0 కాలం నాటిది. నెట్‌బీఎస్‌డీలోని లిబ్‌ఎస్‌ఏ, ఫ్రీబీఎస్‌డీ సొంత సీ లైబ్రరీ లాంటి చోట్ల నుంచి కోడ్ తెచ్చి మైక్ స్మిత్ దీన్ని ఒక రూపానికి తెచ్చాడు. తర్వాత దీని పేరు కూడా లిబ్‌ఎస్‌ఏగానే మారింది.

దీని పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. నువ్వు నాకు కొన్ని ఇవ్వాలి: ఒక అక్షరం చూపించే పుట్‌చార్, ఒక అక్షరం చదివే గెట్‌చార్, స్టాక్, కొంత హీప్ మెమరీ, డిస్క్ లాంటి డివైజ్‌లని తెరిచే దారి. బదులుగా ప్రింట్‌ఎఫ్, మాలాక్, స్ట్రింగ్ ఫంక్షన్లు నేనిస్తా. యూఎఫ్‌ఎస్, ఫ్యాట్, సీడీ ఫైల్‌సిస్టమ్‌లు చదవడం, నెట్‌వర్క్ నుంచి టీఎఫ్‌టీపీ, ఎన్‌ఎఫ్‌ఎస్‌తో ఫైల్ తేవడం కూడా నా పనే.

చేయలేనిది కూడా దాచదు. ఓపెన్ ఫంక్షన్‌తో కొత్త ఫైల్ సృష్టించడం కుదరదని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ట్విడిల్ అని ఒక చిన్న ఫంక్షన్ ఉంది. పిలిచినప్పుడల్లా ఒక గీత తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అదెందుకంటే, వాడేవాళ్లకి ధైర్యం చెప్పడానికట! ఇప్పటి మన లోడింగ్ యానిమేషన్లు చేసేదీ అదే కదా.

నా బోర్డు నేర్పిన పాఠం

ఈ లైబ్రరీలో నన్ను ఆపేసింది మాత్రం సెట్‌హీప్ అనే ఒక చిన్న ఫంక్షన్. మాలాక్ వాడే ముందు దాన్ని పిలవాలి. మెమరీ ఎక్కడ మొదలు, ఎక్కడ హద్దు అని రెండూ చెప్పాలి. ఆ హద్దు విలువ నాకు కష్టపడి తెలిసింది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో 20 కేబీ ర్యామ్ ఉన్న ఎస్‌టీఎం32 బోర్డు వాడాను. అక్కడ లైబ్రరీ న్యూలిబ్. అదీ ఇలాంటిదే, కింద ఉండాల్సిన చిన్న ఫంక్షన్లు మనమే రాసివ్వాలి. మెమరీ ఇచ్చే ఎస్‌బ్రేక్ ఫంక్షన్‌ని నేను ఎక్కడో చూసి కాపీ కొట్టాను. అందులో హద్దు చూసే రెండు లైన్లు లేవు. ల్యాబ్‌లో బాగానే నడిచింది. డెమో రోజున ఎక్స్‌టర్నల్ ముందు సెన్సర్ రీడింగులు పెరిగేకొద్దీ హీప్ పైకి పాకి స్టాక్‌లోకి వెళ్లిపోయింది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. బోర్డు అలా నిలబడిపోయింది, దాని పక్కన నేను కూడా.

ల్యాప్‌టాప్‌లో ఇలాంటి తప్పు చేస్తే ఓఎస్ ఆ ఒక్క ప్రోగ్రామ్‌ని ఆపేసి ఊరుకుంటుంది. ఓఎస్ లేని చోట ఆపేవాళ్లే లేరు.

మన జేబులోకి వస్తే

నా బోర్డు ఆగితే నాకు మార్కులు పోయాయి, అంతే. ఫోన్ల సంగతి అలా కాదు. 2019లో బయటపడ్డ చెక్‌మేట్ అనే లోపం ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ టెన్ దాకా వాడిన చిప్‌లలో ఉంది. ఓఎస్ కంటే ముందు నడిచే బూట్ రామ్‌లో, యూఎస్‌బీ కోడ్ దగ్గర, విడుదల చేసేసిన మెమరీని మళ్లీ వాడిన తప్పు అది. దాన్ని వాడుకోవాలంటే ఫోన్ చేతిలో ఉండాలి, కేబుల్ పెట్టాలి. కానీ ఆ కోడ్ చిప్‌లోనే ముద్రించి ఉంటుంది కాబట్టి ఏ అప్‌డేట్‌తోనూ సరిచేయడం కుదరలేదు.

2023 డిసెంబర్‌లో లోగోఫెయిల్ వచ్చింది. పీసీ ఆన్ చేయగానే కనిపించే లోగో బొమ్మని చదివే కోడ్‌లోనే లోపాలు దొరికాయి. ఏఎంఐ, ఇన్‌సైడ్, ఫీనిక్స్, మూడు పెద్ద ఫర్మ్‌వేర్ కంపెనీల కోడ్‌లోనూ ఇలాంటివి బయటపడ్డాయి. చెడ్డ బొమ్మని లోపలికి చేరిస్తే, ఓఎస్ మొదలవకముందే దాడి చేసేవాడి కోడ్ నడుస్తుంది.

నా వాదన ఇదీ: ఈ పొరలో ప్రతి కంపెనీ తలుపులు మూసుకుని తన సొంత బొమ్మ రీడర్, తన సొంత ఫైల్ రీడర్ రాసుకోవడం ఆపాలి. లిబ్‌స్టాండ్ లాగా చిన్నది, పరిధి రాసి ఉన్నది, ఎవరైనా చదవగలిగేది అయిన ఉమ్మడి కోడ్ మీద కట్టాలి. లోగో చూపించడానికి అన్ని రకాల బొమ్మ ఫార్మాట్లు నిజంగా అవసరమా? కొత్త ఫైల్ సృష్టించనని లిబ్‌స్టాండ్ చెప్పినట్టే, ఇది నేను చేయను అని చెప్పడం కూడా ఒక ఫీచరే.

"అందరూ ఒకే కోడ్ వాడితే ఒక్క తప్పుకి అందరూ మునుగుతారు కదా బ్రో" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. 2020లో బూట్‌హోల్ అలాగే జరిగింది. గ్రబ్2 ఓపెన్ సోర్సే, లైనక్స్ ప్రపంచమంతా వాడేదే. కాన్ఫిగ్ ఫైల్ చదివే దగ్గర బఫర్ పొంగిపోయే తప్పు దొరికింది. ప్యాచ్ వేశాక కొన్ని సిస్టమ్‌లు బూట్ కాక మరో తలనొప్పి కూడా వచ్చింది. కానీ ఆ ఒక్కటి దొరికాక డెవలపర్లు అదే కోడ్‌ని జల్లెడ పట్టి ఇంకొన్ని తప్పులు కూడా పట్టుకుని, అన్నిటికీ కలిపి ప్యాచ్ ఇచ్చారు. చదవగలిగే కోడ్ కాబట్టే అది కుదిరింది. మూసిన కోడ్‌లో తప్పులు ఉండవని కాదు, మనకి ఆలస్యంగా తెలుస్తాయి, అంతే.

ఆండ్రాయిడ్ ఫోన్లలో పరిస్థితి మధ్యస్థంగా ఉంది. క్వాల్‌కామ్ ఫోన్లలో ఒకప్పుడు లిటిల్ కెర్నల్ మీద కట్టిన బూట్‌లోడర్, తర్వాత యూఈఎఫ్‌ఐ మీద కట్టింది వచ్చాయి. రెండిటి పునాది ఓపెన్ సోర్సే. దాని మీద ఫోన్ కంపెనీ ఏం కలిపిందో మాత్రం మనకి తెలియదు.

పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ల అప్‌డేట్లు అని కంపెనీలు గొప్పగా చెబుతున్నాయి. సంతోషమే. ఇకపై రివ్యూ రాసేటప్పుడు మేము, కొనేటప్పుడు మీరు ఇంకో ప్రశ్న కలుపుదాం: ఆ ఏడేళ్లలో బూట్‌లోడర్‌కీ ప్యాచ్‌లు వస్తాయా? ఓఎస్ పాతబడితే ఫోన్ నెమ్మదిస్తుంది. దాని ముందు పొర పాడైతే, పైన ఎంత కొత్త ఓఎస్ ఉన్నా దాన్ని నమ్మలేం.

ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఒక చిన్న పని. ఈ సెమిస్టర్‌లో ఒక్క ప్రోగ్రామ్ ఓఎస్ లేకుండా నడిపించి చూడండి. పుట్‌చార్ మీరే రాయండి. హద్దు చూసే ఆ రెండు లైన్లు మాత్రం మర్చిపోకండి.