ఎవరి భయం? ఎవరి గోప్యత?

ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. సంతోషించాం. కానీ ఆ కేసులో కేంద్రం చేసిన ఒక వాదనను అంబేడ్కరైట్లం ఇంకా సరిగ్గా పట్టించుకోలేదు. చందా ఎవరికిచ్చారో తెలిస్తే ఎదుటి పార్టీ కక్ష కడుతుంది, అందుకే దాత పేరు దాచాలి అన్నది ఆ వాదన.

ఆ భయం నిజమే. అయితే ఎవరిది? నేను పెరిగిన బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉత్తరాంధ్ర నుంచి పట్టాల పనికి వలసొచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. రైల్వే ఉద్యోగి పార్టీలో చేరకూడదు, రాజకీయ ఉద్యమానికి చందా కూడా ఇవ్వకూడదు. 1966 నాటి ప్రవర్తనా నియమాల్లో ఐదోది చెప్పేది ఇదే. బాంసెఫ్‌ను కాన్షీరాం రాజకీయేతర సంస్థగా నడపడానికి ఇలాంటి నిబంధనలే కారణం. 1984లో ఆయన మొదటి లోక్‌సభ పోటీ మా పక్కనున్న జాంజ్‌గీర్ నుంచే. జీతం మీద బతికే దళితుడి పేరు బయటికొస్తే బదిలీ, మెమో, ఛార్జిషీటు. కోట్లు ఇచ్చిన కంపెనీ పేరు బయటికొస్తే కాంట్రాక్టు ఎలా వచ్చిందన్న ప్రశ్న. ఈ రెండింటినీ ఒకే మాటతో ‘గోప్యత’ అనేశారు.

పైగా కొన్నవాళ్ల వివరాలు స్టేట్ బ్యాంకు దగ్గర ఉండనే ఉన్నాయి. ఈడీని పంపగల ప్రభుత్వానికి తెలుసుకునే దారి ఉంది, లేనిది ఓటరుకే. వెయ్యి రూపాయల బాండు కూడా పెట్టారు, అలంకారానికి. అమ్ముడైన మొత్తంలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. మన హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్ ఒక్కటే 966 కోట్లవి కొంది. బీజేపీ, బీఆర్‌ఎస్, వైసీపీ, టీడీపీ అన్నీ అందుకున్నాయి.

అమెరికాలో ఈ కథ ముందే నడిచింది. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ సభ్యుల జాబితా ఇవ్వాలని అలబామా రాష్ట్రం పట్టుబడితే, 1958లో అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. 1982లో, ఒహాయో రాష్ట్ర చందాల వెల్లడి చట్టం నుంచి వేధింపులకు గురవుతున్న ఒక చిన్న సోషలిస్టు పార్టీని మినహాయించింది. మిగతావాళ్లకు చట్టం అలాగే ఉంది. 2021కి వచ్చేసరికి అదే 1958 తీర్పును చూపించి, ధర్మసంస్థల పెద్ద దాతల పేర్లు ప్రభుత్వానికివ్వాలన్న కాలిఫోర్నియా నిబంధనను కొట్టేయించింది కోక్ సోదరులు పెట్టిన సంస్థ. బలహీనుడి గొడుగు కింద ఎవరు దూరారో చూడండి.

మన కోర్టు ఈ తేడా గుర్తించింది. 20 వేల లోపు ఇచ్చేవాళ్ల పేర్లు చెప్పనక్కర్లేదన్న పాత గీత సబబేనంది. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ గీత కింద మొత్తంగా ఎంతైనా రావచ్చు. బీఎస్పీ బాండ్లు తీసుకోలేదు, అది గౌరవించాల్సిందే. అయితే 20 వేలు దాటిన చందా ఒక్కటీ లేదని ఆ పార్టీ ఏళ్ల తరబడి రాసిస్తోంది. మనవాళ్లని దీన్ని అడక్కుండా వదిలేద్దామా? పేర్లు వద్దు, జిల్లాలవారీగా మొత్తాలు, రశీదుల లెక్క ఆడిట్ చేయించమని అడగొచ్చు.

ఇంకోటి, కాలం. పిటిషన్ 2017లో వేస్తే తీర్పు 2024లో. మధ్యలో 2019లో సీల్డ్ కవర్ ఆదేశం, 2021లో స్టేకి నిరాకరణ. 2023 నవంబర్ 2న వాదనలు ముగించి తీర్పు రిజర్వ్ చేశారు. 6 నుంచి మళ్లీ బాండ్లు అమ్మారు. 17న బిలాస్‌పూర్, 30న తెలంగాణ ఓటేశాయి. ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలిసింది 2024 మార్చిలో.