రోల్‌ప్లేయింగ్ ఆటల పాత కూర్పులకు ప్రచురణకర్తల మద్దతు

బల్ల చుట్టూ కూర్చొని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలలో ఆటగాళ్ళు తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ, నియమ గ్రంథాన్ని అనుసరించి ఒక కథను నడిపిస్తారు. ఈ గ్రంథాలకు కొన్నేళ్ళకొకసారి కొత్త కూర్పు వెలువడుతుంది. అప్పుడు పాత కూర్పు ఆడుతున్నవారికి ప్రచురణకర్త ఏ మేరకు అండగా నిలవాలన్నది ఈ రంగంలో చాలాకాలంగా నలుగుతున్న వివాదం. వైకుంఠపాళికి, పులిజూదానికి ఈ చిక్కు లేదు. వాటి నియమాలు ఎవరి సొత్తూ కావు.

== డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ==

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆటను అమెరికాలోని టి.ఎస్.ఆర్. సంస్థ 1974లో ప్రచురించినది. 1997లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసినది. 2000లో మూడవ కూర్పుతో పాటు ఓపెన్ గేమ్ లైసెన్సును విడుదల చేసి, మూల నియమాల ఆధారంగా ఇతరులు కూడా పుస్తకాలు వ్రాసి అమ్ముకొనుటకు అనుమతించినది. 2008 నాటి నాలుగవ కూర్పుకు మాత్రం ఈ సౌకర్యం ఇవ్వలేదు.

2009 ఏప్రిల్‌లో, దొంగ ప్రతులను కారణంగా చూపి, సంస్థ తన పీడీఎఫ్ పుస్తకాల అమ్మకాన్ని పూర్తిగా నిలిపివేసినది. కొత్తవాటితో పాటు, అచ్చులో లేని పాత కూర్పులు కూడా అంగడి నుండి మాయమైనవి. దొంగ ప్రతుల మాట ఎలా ఉన్నా, డబ్బిచ్చి కొనేవారికి దారి మూసుకుపోయినది. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పరిసరాలలోని ఏ ఇంజనీరింగు కళాశాల విద్యార్థియైనా 1978 నాటి ఆటగాళ్ళ గ్రంథాన్ని చదవగోరితే, విదేశాల నుండి పాత పుస్తకం తెప్పించుకొనడమే మిగిలినది. 2012లో మొదటి అడ్వాన్స్‌డ్ కూర్పు పునర్ముద్రణ పొందినది. 2013 జనవరిలో పీడీఎఫ్ అమ్మకాలు తిరిగి మొదలైనవి.

== లైసెన్సు పాత్ర ==

ఈ మధ్యకాలంలో పాత కూర్పులను బ్రతికించినది ప్రచురణకర్త దయ కాదు, 2000 నాటి లైసెన్సు. దాని ఆధారంగానే 2006లో ఓస్రిక్ అనే పుస్తకం మొదటి అడ్వాన్స్‌డ్ కూర్పు నియమాలను కొత్త మాటలలో తిరిగి అందించినది. 2009లో పైజో సంస్థ 3.5 కూర్పును కొనసాగిస్తూ పాత్‌ఫైండర్‌ను ప్రచురించినది. కేయాసియం సంస్థది వేరే మార్గం: 2015లో ముందుగా చందాలు సేకరించి, రూన్‌క్వెస్ట్ రెండవ కూర్పును తానే మళ్ళీ అచ్చు వేయించినది.

అందువల్లనే 2023 జనవరిలో ఆ లైసెన్సును రద్దుచేయు ఆలోచన బయటపడగానే తీవ్ర నిరసన చెలరేగినది. సంస్థ వెనుకకు తగ్గి, అదే నెల 27న ఐదవ కూర్పు మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసినది. ఆ అనుమతిని తిరిగి తీసుకొనుటకు వీలు లేదు. అయితే అది ఐదవ కూర్పుకే చెందును. అంతకు ముందరి వాటికి పాత లైసెన్సే ఆధారం.

2024 ఆగస్టులో సమస్య మరొక రూపంలో వచ్చినది. డి అండ్ డి బియాండ్ అనే అంతర్జాల సేవలో ఆటగాళ్ళ పాత్ర పత్రాలలోని 2014 నాటి మంత్రాలను కొత్తవాటితో మార్చివేస్తామని సంస్థ ప్రకటించి, విమర్శలు రాగా కొద్దిరోజులకే విరమించుకొన్నది. అచ్చు పుస్తకం కొన్నవారికి ఇట్టి భయం లేదు.