సభ్యుల గుట్టు కాచుటకగు వ్యయము

మన పరపతి సంఘముల పద్దులు క్రమముగా కంప్యూటరులోని కెక్కుచున్నవి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకై కేంద్ర ప్రభుత్వము 2022 జూను నెలలో 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. దీనివలన లెక్కలు సులభమగును, సందేహము లేదు. కాని సభ్యుని ఋణము, ఆధార్ సంఖ్య, భూమి వివరములు, ఫోను నంబరు ఒక్కచోట చేరినపుడు వానికి కాపలా యెవరు? ఆ కాపలాకు కూలి యెవరిత్తురు?

గుట్టు కాచుటకు సొమ్ము కావలెననుటకు అమెరికాలోని సిగ్నల్ అను సందేశ సేవ మంచి నిదర్శనము. అది లాభాపేక్ష లేని సంస్థ. ప్రకటనలు వేయదు, విరాళములపై నడచును. 2016లో నేరవిచారణ నిమిత్తము ప్రభుత్వాజ్ఞ వచ్చినపుడు, ఒక ఖాతాను గూర్చి ఆ సంస్థ ఇయ్యగలిగినవి రెండే: ఖాతా తెరచిన కాలము, కడపట సేవతో కలిసిన కాలము. తక్కినది దాచియుంచనే లేదు.

దాచకుండుట చౌక యని తోచును గాని అది పొరపాటు. పరిచయము లేనివారు ఫోను చేసినపుడు మన ఫోనుయొక్క ఇంటర్నెట్ చిరునామా వారికి తెలియకుండుటకై, సిగ్నల్ ఆ సంభాషణను తన సర్వర్ల మీదుగా త్రిప్పి పంపును. ఇరువురిని నేరుగా కలిపిన ఈ భారము లేదు. 2023 నవంబరులో సంస్థ తానే ప్రకటించిన లెక్క ప్రకారము, ఫోను సంభాషణల రవాణాకే యేటా సుమారు 17 లక్షల డాలర్లు. సిబ్బంది జీతములు గాక సాంకేతిక వ్యయము మొత్తము 1 కోటి 40 లక్షల డాలర్లు. ప్రకటనలపై బ్రతుకు సేవలకు మన వివరములే పంట. వారేల కంచె వేయుదురు?

ఇక మన సంగతి. బాకీదారుల పట్టికను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో వేయుట కాసు ఖర్చులేని పని. ఒక్కొక్కరికి విడిగా కబురు పంపుటకు గుమాస్తాకు దినమంతయు పట్టును. అయినను రెండవదే చేయవలెనని నా వాదము. ఆ పట్టిక వడ్డీవ్యాపారి చేతబడినచో, ఆ రైతునకు రేపు దొరకు అప్పుపై వడ్డీ వేరుగా నుండును. పల్లెలో రహస్యమెక్కడిదని కొందరు నవ్వుదురు. నోటిమాట ఊరిలోనే మాసిపోవును. ఫోనులోని పట్టిక మాయదు, జిల్లాలు దాటును. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 9 మంది ఏకగ్రీవముగా తీర్పిచ్చిరి. అప్పుపడినంతనే ఆ హక్కు పోవుట న్యాయము కాదు.

సంఘములు బీదవి, నిజమే. గుమాస్తాలందరు ఒకే పాస్‌వర్డు వాడుట మానుట, పాత నకళ్లు చెరపుట, కబుర్లు విడిగా పంపుట, వీనికి లక్షలు కానక్కరలేదు, పనిగంటలు మాత్రమగును. వచ్చు సర్వసభ్య సమావేశమున కార్యవర్గము ఈ గంటల ఖర్చును బడ్జెటులో వేరు పద్దుగా జూపి సభ్యుల ముందుంచవలెను. అది హెచ్చో తగ్గో వాటాదారులే నిర్ణయింతురు.