ఆ తీగ ఏ సంవత్సరముది?

విజ్ఞాన ప్రదర్శనలో ప్రథమ బహుమతి పొందిన స్పిట్‌ఫైర్ యుద్ధ విమానపు నమూనాను గ్రంథాలయమునందలి గాజు బీరువాలో శాశ్వతముగా ఉంచవలెనని కళాశాల కమిటీ వారు సంకల్పించినారు. అసలు విమానమునకు అది డెబ్బది రెండవ వంతు. రెక్కల వెడల్పు జానెడు కూడ లేదు. ప్రక్కన దూకుచున్న నల్ల చిరుతపులి, క్రింద "హైదరాబాదు స్పిట్‌ఫైర్ - నిజాం ప్రభువు కానుక" అను చీటీ. చూడముచ్చటగా ఉన్నదనుటలో సందేహము లేదు. అయినను దానిని ఇప్పుడున్న రూపమున బీరువాలో పెట్టరాదని మా అభిప్రాయము. కారణము ఒక తీగ. ఆ తీగను కట్టించినది మేమే కనుక ఈ మాట చెప్పవలసిన బాధ్యత కూడ మాదే.

నమూనా పూర్తియైన దినమున దానిని తయారు చేసిన విద్యార్థి మా వద్దకు వచ్చి, "సార్, ఇంకేమైనా లోపమున్నదా?" అని అడిగినాడు. ఏదో పుస్తకములో చూచిన 1940 నాటి ఛాయాచిత్రము మాకు జ్ఞప్తికి వచ్చినది. అందు విమానపు వీపు మీది స్తంభము నుండి తోక కొన వరకు ఒక ఏరియల్ తీగ ఉన్నది. కుట్టుదారము వద్దని, కొయ్యలగూడెము నుండి వచ్చు మరియొక విద్యార్థి చేత ఒక సన్నని పట్టుపోగు తెప్పించి కట్టించినాము. కుట్టుదారమును డెబ్బది రెండు రెట్లు పెంచిన బావి మోకువలె కనబడును గదా! ఇంత సూక్ష్మముగా ఆలోచించితిమని లోలోపల గర్వించినాము కూడ.

ప్రదర్శన చూడవచ్చిన వారిలో పూర్వము వైర్‌లెస్ పని చేసిన ఒక పెద్దాయన ఉన్నారు. కళ్ళద్దములు సవరించుకొని చాలసేపు చూచి, "లెక్చరర్ సాబ్, పులి ఒక సంవత్సరముది, తీగ ఒక సంవత్సరముది. రెండూ ఒక్క విమానము మీదికి ఎట్లు వచ్చినవి?" అన్నారు. మాకు సమాధానము తోచలేదు. ఆ తరువాత చదివి తెలిసికొన్నది ఇది.

బ్రిటిషు వాయుసేనలో హైదరాబాదు పేరు ధరించిన దళములలో 152వ దళము ఒకటి. దాని చిహ్నము నిజాం ధరించు దస్తార్. దాని నినాదమునకు "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అని అర్థము. 1939 అక్టోబరులో మరల ఏర్పడి, 1940 వేసవిలో దక్షిణ ఇంగ్లాండులోని వార్మ్‌వెల్ నుండి స్పిట్‌ఫైర్లతో యుద్ధము చేసినది. ఆ తరువాత ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీల మీదుగా బర్మా రంగమునకు వచ్చినది. నల్ల చిరుత ఆ బర్మా కాలపు ఎనిమిదవ రకము స్పిట్‌ఫైర్లది.

1940 వేసవి నాటికి చాల విమానములలో టి.ఆర్.9డి అను హై ఫ్రీక్వెన్సీ రేడియో ఉండెడిది. దాని తరంగము పొడవు సుమారు 45 నుండి 70 మీటర్లు. అంత పెద్ద తరంగమును పట్టుకొనుటకు పొడవైన తీగ కావలెను. అందుకే స్తంభము నుండి తోకకు తీగ. నేలతో మాటాడుటకు అది 35 మైళ్ళ వరకు మాత్రమే పనికివచ్చెడిది. ఆ సెట్టే నిమిషమునకు 14 సెకనులు తనంత తాను కూత వంటి సంకేతమును పంపెడిది. నేల మీది వారు ఆ కూతను బట్టి తమ విమానము ఎక్కడున్నదో గుర్తించి, శత్రువు వైపునకు దారి చూపెడివారు. ఆ తీగ తెగిన యెడల ఎంత శూరుడైన పైలటైనను ఆకాశములో ఒంటరివాడే.

తరువాత వచ్చిన టి.ఆర్.1133, దాని వారసులు వెరీ హై ఫ్రీక్వెన్సీ సెట్లు. వీని తరంగము మూడు మీటర్లకు మించదు. అందు నాలుగవ వంతు మూరెడు పైచిలుకు. స్తంభమే ఏరియల్ పని చేయును. కనుక తీగ పోయినది. కొంత కాలమునకు అనేక విమానములలో ఆ స్తంభము కూడ పోయి సన్నని కడ్డీ వచ్చినది. 1940 శరత్కాలము నుండి తనవారెవరో పరవారెవరో రాడారుకు తెలుపు యంత్రము కొరకు విమానపు ప్రక్కల నుండి తోక రెక్కల కొనలకు రెండు తీగలు కట్టినారు. తరువాతి రకము యంత్రము రాగా అవియును పోయి, కుడి రెక్క క్రింద చిన్న కడ్డీ మిగిలినది. ఈ విధముగా ఏరియల్ చూచి విమానపు కాలమును చెప్పవచ్చును. బర్మా పులి ప్రక్కన 1940 నాటి తీగ కట్టుట నన్నయ నోట రైలు, బస్సు అను మాటలు పలికించుట వంటిది. విద్యార్థి అట్లు వ్రాసిన మేము ఎర్రసిరాతో కొట్టివేయుదుము. మా తప్పునకు మాత్రము బహుమతి వచ్చినది!

"అంత చిన్న తీగను ఎవరు చూచెదరు?" అని కమిటీలోని ఒక పెద్దలు సెలవిచ్చినారు. వారియందు మాకు గౌరవము కలదు. కాని చౌటుప్పల్‌లో ఈ ప్రశ్న అడుగదగినది కాదు. మన చుట్టుప్రక్కల మగ్గముల మీద పోగులకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ పిమ్మట నేయుదురు. పోగు కొంచెము జరిగిన అంచున పువ్వు చెదరును. కొనువారు చూచినను చూడకున్నను నేతగాడు ఆగి సరిచేయును. భూమి అయస్కాంత శక్తిలోని అతి స్వల్పమైన మార్పులను కొలుచు జాతీయ భూభౌతిక సంస్థ వారి కేంద్రము కూడ, నగరపు అలజడికి దూరముగా, మన ఊరనే ఉన్నది.

ఇక చీటీ సంగతి. "నిజాం ప్రభువు కానుక" అనుట అబద్ధము కాదు గాని సగము మాట. సంస్థానపు ఖజానాకు గ్రామముల నుండి భూమిశిస్తు పోయినది. నల్లగొండ రైతు స్పిట్‌ఫైర్‌ను కన్నెత్తి చూడలేదు. అతని శిస్తు కూడ అందులో ఉన్నదని మాత్రము ఒక పంక్తి ఉండవలెను. ఆంగ్లేయుల యుద్ధయంత్రము మనకెందుకని అడుగువారికి కూడ మా సమాధానము ఇదే. కొందరు విద్యార్థులు చీటీ మీద ఇద్రిస్ హసన్ లతీఫ్ గారి పేరు చేర్చవలెనని కోరినారు. వారు మన హైదరాబాదీయులు, నిజాం కళాశాల విద్యార్థి, 1978లో భారత వాయుసేనాధిపతియైనవారు; యువకుడుగా ఇంగ్లాండులో హరికేన్, స్పిట్‌ఫైర్లు నడిపినమాట నిజమే. కాని బర్మాలో వారు నడిపినది వెంజెన్స్ బాంబరు, భారతీయ దళములో. అభిమానము కొలది ఈ విమానములో వారిని కూర్చుండబెట్టరాదు. వారి కొరకు వేరొక నమూనా చేయుడు, మేము సంతోషింతుము.

విద్యార్థి బహుమతిని ఎవరును ప్రశ్నింపలేదు. అతని చేతిపని నిర్దోషము. కమిటీ వారికి మా విన్నపము ఒక్కటే: నమూనాను పదిహేను దినములు మా వద్ద ఉంచి, చీటీ మీద దళము సంఖ్య, సంవత్సరము, రంగము వ్రాయుటకు అనుమతింపుడు. వచ్చే సంవత్సరము కొత్త నమూనాల పెట్టెలు కొనుటకు ముందు, నాటి ఛాయాచిత్రములున్న మంచి పుస్తకము ఒకటి కొనుడు. పెట్టె మీది బొమ్మను, మాస్టారి జ్ఞాపకమును నమ్మిన ఏమగునో చూచితిమి.

తీగ తీసివేయుదమా, పులిని చెరిపి 1940 నాటి విమానముగా మార్చుదమా అని ఆ విద్యార్థిని అడిగినాము. ఎనిమిదవ రకము ఆకారమునకు 1940 వేషము పొసగదని అతడే మాకు చెప్పినాడు. పులి ఉండును. తీగ కోయుటకు బ్లేడు తెచ్చెదనన్నాడు. కుడి రెక్క క్రింద కడ్డీ కొరకు సన్నని సూది మొన వెదకు పని మాకు అప్పగించినాడు.