గృహిణీ మర్యాదలు: విమానపు పెద్ద తరగతిలో పసిబిడ్డలు



గత మాసమున పెండ్లివారి విడిదిండ్లలో పసిపిల్లలతో మెలగవలసిన తీరును గూర్చి వ్రాసితిని. దానిని చదివి విజయనగరమునుండి యొక సోదరి జాబు వ్రాసినది. ఆమె కుమార్తె యెనిమిది నెలల బిడ్డతో అమెరికాలోనున్న భర్తయొద్దకు పోనున్నది. అల్లుడు ముచ్చటపడి బిజినెస్ తరగతిలో టిక్కెట్లు కొన్నాడు. “అచట కూర్చుండువారందఱు గొప్పవారట. బిడ్డ యేడ్చినచో మా పిల్లకు తలవంపులు కలుగునేమో! నిద్రమందు కొంచెము పోసినచో సుఖముగా పోవచ్చునని యిరుగుపొరుగువారు చెప్పుచున్నారు. ఏమి చేయుమందువు?” అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్న మన యిండ్లకు క్రొత్తది, కాని యిక తఱచుగా వచ్చునది. మా వీథిలోనే నాలుగిండ్లవారి పిల్లలు సముద్రమునకావల నున్నారు. భోగాపురమున అల్లూరి సీతారామరాజుగారి పేరిట విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. దాని నిర్మాణమునకు పూనుకొన్నది మన రాజాములో పుట్టిన గ్రంథి మల్లికార్జునరావుగారి సంస్థయే. 2008లో హైదరాబాదునందు విమానాశ్రయమును నెలకొల్పినదియు వారే. రైలు పెట్టెలో ఎదుటివారి ఒడిలో బిడ్డను కూర్చుండబెట్టి, మరచెంబుతో నీళ్లు పట్టుకొని వచ్చుటకు దిగిపోవు అలవాటు మనది. ఆ చనువు చెల్లని చోట ఎట్లు మెలగవలయునో మన తల్లులు మనకు చెప్పలేదు, వారికి ఆ యవసరము కలుగలేదు గనుక.

నాకీ విషయమున కొంత యనుభవము కలదు. అది గొప్పగా చెప్పుకొనదగినది కాదు. క్రిందటి యేడు వేసవి సెలవులలో మా ఆడపడుచు శ్రీకాకుళములోని పుట్టింటినుండి డల్లాసునకు మరలిపోవుచు, “వదినా, ఇద్దఱు పిల్లలతో ఒక్కతెను పోలేను, నీవు తోడు రావలయును” అని పట్టుపట్టినది. పెద్దవానికి నాలుగేండ్లు, చిన్నదానికి పది నెలలు. మా వారు బడిపంతులు. మా రాబడితో బిజినెస్ తరగతిని కలలోనైనను తలపజాలము. ఆమె భర్త ఉద్యోగముకొఱకు పలుమాఱు తిరిగి కూడబెట్టిన ‘మైళ్ళ’తో ఆ టిక్కెట్లు లభించినవి. విమానపు కంపెనీవారు మనము తిరిగిన దూరమును పుణ్యమువలె ఖాతాలో వ్రాసియుంచి, అది పండిన దినమున పై లోకమునకు పంపుదురు. పుణ్యము చెల్లిపోయిన పిదప మరల వెనుక వరుసలకు రావలసినదే.

విశాఖపట్టణమునుండి హైదరాబాదు, అచటినుండి నాలుగు గంటలలో గల్ఫునందలి యొక పట్టణము, అచటినుండి ఏకబిగిని పదునాఱు గంటలలో డల్లాసు. హైదరాబాదులో రాత్రివేళ విమానమెక్కితిమి. అక్కడి కుర్చీ మీట నొక్కినచో వెనుకకు వాలి పడక యగును. వేఱొక మీటకు కాళ్లకడ పీట లేచును. నేను చిన్నపిల్లవలె ఆ మీటలను నొక్కుచు వినోదించుచుండగా, నాకప్పగింపబడిన పెద్దవాడు నడవలో పరుగులు మొదలుపెట్టెను. రెండు మాఱులు ఒక పెద్దమనిషి దుప్పటిని లాగెను. నేను “తప్పు నాన్నా” యని కూర్చున్న చోటనుండియే యంటిని. లేచి పోలేదు.

విమానము దిగునప్పుడు చిన్నది గుక్కపట్టి యేడ్చినది. పాలు ఎక్కిన వెంటనే త్రాగించి యుంటిమి గనుక అప్పుడు ముట్టలేదు. ఆ పెద్దమనిషి లేచి కూర్చుండి తెలుగుననే, “అమ్మా, నిద్రకొఱకే యింత సొమ్ము పోసి యిచట కొన్నాను. పిల్లలతో వెనుకనే కూర్చుండరాదా?” అనెను. మా ఆడపడుచు మొగము పాలిపోయినది. ఏమియు తోచక కొడుకు తొడమీద గిల్లినది. అంతవఱకు ఒక్కరే యేడ్చుచుండిరి, ఇప్పుడిద్దఱు. ప్రక్కవరుసలోని యొక మహాతల్లి సదుద్దేశముతోనే సంచినుండి జలుబు మందు సీసా తీసి, “తరువాతి విమానమెక్కగానే ఒక చెంచా పోయుడు, డల్లాసు వఱకు కదలదు” అని యిచ్చినది.

గల్ఫు విమానాశ్రయమున మూడు గంటలు వేచియుండవలసి వచ్చినది. మా ఆడపడుచు ఆ సీసాను చేత పట్టుకొనియే యున్నది. “ఒక్క చెంచాయే గదా వదినా! పదునాఱు గంటలు ఈ మాటలు పడలేను” అని కన్నీరు పెట్టుకొన్నది. నేను సీసాను ఆమె చేతినుండి లాగి నా సంచిలో వేసికొంటిని. కాపురమునకు వచ్చిన నాటినుండి ఆడపడుచు చేతిలోని వస్తువును లాగుకొనుట నాకదియే మొదటిసారి.

జాబు వ్రాసిన సోదరీ, ఇక్కడ నేను మర్యాదలను ప్రక్కకు పెట్టి గట్టిగా చెప్పుచున్నాను. నిద్రకొఱకు మందు పోయవలదు. జలుబు సీసాలలో తఱచుగా నుండునవి క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అను రెండు మందులు. ఈ రెండును కలిసిన మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రింపవలెనని భారతదేశపు ఔషధ నియంత్రణాధికారులు 2023 డిసెంబరులో ఆదేశించిరి. రెండేండ్ల లోపు బిడ్డలకు దుకాణపు జలుబు మందులు వలదని అమెరికా యధికారులు 2008లోనే హెచ్చరించిరి. మత్తునిచ్చు మందు కొందఱు పిల్లలకు నిద్రకు మాఱుగా చిఱాకును, గంతులను గలిగించును. కొందఱికి ఊపిరి మందగించును. నేలమీదనైనచో వైద్యునియొద్దకు పరుగెత్తవచ్చును. సముద్రముమీద ఎవరి యింటికి పరుగెత్తుదుము? పూర్వము పనిపాటలకు పోవు తల్లులు పసివారికి నల్లమందు నాకించిరని విని మనము నొచ్చుకొందుము. పరుల చూపునకు జంకి చెంచాతో పోయుట దానికంటె మేలైనది కాదు.

బిడ్డ యేల యేడ్చునో తెలిసికొన్నచో సగము భయము తీఱును. నడిచెవికిని గొంతు వెనుకభాగమునకును నడుమ సన్నని నాళమొకటి కలదు. విమానము ఎంత యెత్తున పోవుచున్నను లోపలి గాలిని ఆఱు మొదలు ఎనిమిది వేల అడుగుల కొండమీది గాలివలె నుంచుదురు. దిగునప్పుడు ఆ గాలి ఒత్తిడి పెరిగి చెవిలోని పొరను లోపలికి నొక్కును. నాళము తెఱచుకొన్నచో సరిపడును, గుటకవేసినచో నాళము తెఱచుకొనును. మనము ఆవులించియో గుటకవేసియో బాధ తప్పించుకొందుము. పసివారి నాళము మఱింత సన్ననిది, వారికీ యుపాయము తెలియదు. కావున ఎక్కునప్పటికంటె దిగునప్పుడే పాలు ముఖ్యము. నేల తాకుటకు సుమారరగంట ముందే విమానము దిగసాగును. ఆ సమయమునకు ఆకలి నిలిపి, చన్నుగాని సీసాగాని యందీయవలయును. నిద్రించుచున్న బిడ్డను లేపుట పాపమనిపించును, కాని నొప్పితో తనంతట లేచుటకంటె మనము లేపుటయే మేలు. బిడ్డకు జలుబుగాని చెవిపోటుగాని యున్నచో ప్రయాణమునకు ముందే వైద్యునికి చూపవలయును. బిడ్డ పాలకును ఆహారమునకును నూఱు మిల్లీలీటర్ల నిబంధనము లేదు. తనిఖీచేయువారికి ముందుగా చెప్పి చూపినచో చాలును.

రెండవ విమానమునను ఆ పెద్దమనిషి మాకు రెండు కుర్చీల ముందే యుండెను. తలుపులు మూయకముందే నేను పోయి, “అయ్యా, వెనుకటి విమానములో పిల్లవానిని పట్టకపోవుట నా తప్పు. చిన్నది దిగునప్పుడు చెవినొప్పితో నేడ్చినది, ఈ మాఱు జాగ్రత్తపడుదుము” అంటిని. కథలలోనైనచో ఆయన పిల్లవానిని ఒడిలోనికి తీసికొనవలయును. ఆయన “సరే” యని చెవులలో దూది పెట్టుకొనెను. అంతే. మొదట నాకు కష్టమే తోచినది. తరువాత, ఆయన యంతకంటె నాకు ఋణపడినదేమియు లేదని తోచినది.

ఆ పదునాఱు గంటలు మేము వంతులు వేసికొంటిమి. ఒకరు నిద్రించునప్పుడు ఇంకొకరు మెలకువగా నుండవలయును, మెలకువగా నున్నవారు మీటల జోలికి పోరాదు. పెద్దవానికొఱకు మా అత్తగారు ఏటికొప్పాక లక్కబొమ్మలను నాలుగైదింటిని వేఱువేఱు కాగితములలో చుట్టి యిచ్చిరి. పొట్లము విప్పుట బొమ్మతో నాడుటకంటె వానికెక్కువ యింపు. గంటకొక పొట్లము చొప్పున తీసితిని. వానిలో బొంగరముండుట మాత్రము మా పొరపాటు. అది దొర్లిపోయి ఆ పెద్దమనిషి కుర్చీక్రిందనే యాగినది. ఆయన వంగి తీసి, మాటలేకుండ చేతికిచ్చెను. కర్రబొమ్మ చప్పుడుచేయదు గదా యని నమ్మి బొంగరమును పెట్టవలదు. నోటబట్టు చిన్న ముక్కలను పసిదానికి అందనీయవలదు. టాబ్లెట్టులో బొమ్మల కథలు చూపువారు చెవి గొట్టములు తప్పక తగిలింపవలయును.

పొట్లములు విప్పుచుండగా నాకు శాకుంతలము సప్తమాంకము స్ఫురించినది. దుష్యంతుడు ఇంద్రుని రథముమీద ఆకాశమునుండి దిగును. అంతకు మించిన పెద్ద తరగతి ప్రయాణము నేను చదివిన గ్రంథములలో తక్కువ. దిగిన వెంటనే ఆయనకు కనబడినది అల్లరివాడు. సింహపుపిల్లను లాగి దాని పండ్లు లెక్కింపజూచువాడు. ఆ తాపసి వానిని గిల్లలేదు, మందు పోయలేదు. పర్ణశాలనుండి మట్టి నెమలిని తెప్పించినది. రాజును ఎవరి బిడ్డయో తెలియకమునుపే వానిపై మనసుపడెను. అందఱు ప్రయాణికులు దుష్యంతులు కారు. తాపసి చేసిన పని మాత్రము మన చేతిలోనిదే.

పిల్లలను ఆ తరగతికి రానీయవలదను వాదము ఆ యొక్క పెద్దమనిషిది మాత్రమే కాదు. మలేషియా దేశపు విమానసంస్థ 2011లో తన పెద్ద విమానములలో మొదటి తరగతికి పసిబిడ్డలను రానీయమని తెల్పినది. సింగపూరు స్కూటు సంస్థ 2013లో పండ్రెండేండ్ల లోపువారు కూర్చుండరాని వరుసలను ప్రత్యేకించినది. మన దేశమున ఇండిగో సంస్థ 2016లో కొన్ని వరుసలను అట్లే నిశ్శబ్దపు వరుసలుగా చేయగా పత్రికలలో పెద్ద చర్చ జరిగినది. ముందుగా చెప్పి అట్టి వరుసలు ఏర్పఱచుటలో నాకు తప్పు తోచదు. నిశ్శబ్దము కోరువాడు అక్కడ కొనుక్కొనవచ్చును. కాని బిడ్డకు టిక్కెట్టు నమ్మి, ఎక్కించి, పిమ్మట తల్లిని వెనుకకు పొమ్మనుట న్యాయముకాదు. కుర్చీ వెలలో పడక యున్నది, భోజనమున్నది. పక్కవారి మౌనము రసీదులో వ్రాయబడలేదు. అయినను పిల్లవాడు దుప్పటి లాగుట, తల్లి మీటలు నొక్కుట కూడ ఆ రసీదులో లేవు. ఏడ్పు బిడ్డది, అల్లరిని పట్టకపోవుట మనది. ఈ భేదము నాకు ఆలస్యముగా తెలిసినది.

ఇతర దేశములలో కొందఱు తల్లులు ‘క్షమింపుడు’ అని చీటి వ్రాసి, చెవిదూదియు మిఠాయియు పొట్లముకట్టి చుట్టుప్రక్కలవారికి పంచుదురట. బిడ్డను కన్నందులకు క్షమాపణ పత్రము పంచుట నాకు నచ్చదు. పలుకరింపు చాలును.

ఇక సోదరీ, నీ కుమార్తె సంగతి. అల్లుడు ముచ్చటపడి కొన్నవానిని మార్పింపవలదు, కాని ఆ తరగతియే సుఖమని తలపవలదు. చాల విమానములలో అచటి కుర్చీలు గూడువలె వేఱువేఱుగా నుండును, నడుమ గోడలుండును. బిడ్డను గోడకు తగిలించు ఊయలలో పరుండబెట్టు ఏర్పాటు కొన్ని కుర్చీలకే యుండును. ఊయల కావలెనని టిక్కెట్టు తీసిన దినముననే వ్రాసి, బిడ్డ బరువును తెలిపి, ఆ కుర్చీ తమదేనా యని మరల అడిగి తెలిసికొనవలయును. విమానము కుదుపునకు లోనై పట్టీలు కట్టుకొనుడని దీపము వెలిగినచో ఊయలలోని బిడ్డను ఒడిలోనికి తీయవలసియుండును, నిద్రలోనున్నను సరే. రెండేండ్ల లోపు బిడ్డకు తల్లి పట్టీకి తగిలించు చిన్న పట్టీని కొన్ని విమానసంస్థలవారు ఇత్తురు. అయితే ఒడికంటె ప్రత్యేకపు కుర్చీలో, అంగీకృతమైన పిల్లల ఆసనమున కూర్చుండబెట్టుటయే క్షేమకరమని అమెరికా విమానయానాధికారులు చెప్పుదురు. అల్లునికి శక్తి యున్నచో ముచ్చట నటువైపు మరల్పవచ్చును.

బట్టలు మార్చుట కుర్చీలో కూడదు. స్నానపుగదిలో గోడనుండి దిగు పలక యుండును. మాగాయ సీసాను మాత్రము పెట్టెలో అడుగున పెట్టి పంపుము, చేతిసంచిలో వలదు. మా సంచిలోని సీసా మూత వదులై హైదరాబాదు వఱకు మా వరుసవారందఱికి మన జిల్లాల సంగతి తెలిసిపోయినది.

ఆ జలుబు మందు సీసా నేటికిని నాయొద్దనే యున్నది. దాని యజమానురాలికి డల్లాసులో తిరిగి యీయవలెనని వెదకితిని గాని, ఆమె నాకంటె ముందే దిగిపోయినది.