స్కాన్ కాగితం చూపి గర్భసంచి తీసేస్తారా?

స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్ కనబడగానే ‘క్యాన్సర్ అవుతుంది, గర్భసంచి తీసేయాలి’ అని కూలి తల్లులను భయపెట్టడం చూస్తున్నాం. ఈ గడ్డలు క్యాన్సర్ కావు. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో మాత్రమే స్కాన్ చెబుతుంది. బాధ పెట్టని గడ్డకు ఆపరేషన్ అక్కర్లేదు. ముట్లు ఆగాక చాలావరకు కుంచించుకుపోతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో 3 శాతం పైన. రెండు తెలుగు రాష్ట్రాల్లో 8 శాతం పైన. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసర ఆపరేషన్లపై వేసిన పిటిషన్, అణగారిన కులాల స్త్రీలే ఎక్కువగా బలయ్యారని చెప్పింది. అందులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలి.

మన జిల్లాలో ఆ కమిటీ ఉందా? ఎవరికి, ఏ వయసులో, ఏ కారణంతో గర్భసంచి తీశారో లెక్క చూస్తోందా? సమాచార హక్కు కింద అడుగుదాం.